ఓటీపీ హైదరాబాదుకు, వాపు అమ్మ కాళ్ళకు: పల్లెలో ఉన్న పెద్దవాళ్ళను ఫోన్లో డాక్టరుకు చూపించడం ఎలా?

మాది కనిగిరికీ పామూరుకీ మధ్య ఒక పల్లె. నేనుండేది నెల్లూరులో, తమ్ముడు హైదరాబాదులో సెంట్రింగ్ పనికి పోతాడు. పోయిన ఎండాకాలం అమ్మకు కాళ్ళు వాచాయి. ఒంగోలు దాకా బస్సులో తిప్పే ఓపిక ఆమెకు లేదు, సెలవు నాకు లేదు. ఫోన్లోనే చూపిద్దామని పక్కింటి పిల్లోడి ఫోన్లో ఒక ప్రైవేటు యాప్ ఎక్కించా. ఆధార్ ఓటీపీ ఇస్తేనే లోపలికి రానిస్తానంది అది. అమ్మ ఆధార్‌కు ఉన్నది తమ్ముడి నంబరు. వాడు నాలుగో అంతస్తులో పలకలు కొడుతున్నాడు, ఫోను కింద అన్నం సంచిలో ఉంది. వాడు దిగి చూసేసరికి సాయంత్రమైంది. పక్కింటి పిల్లోడు అప్పటికే ఫోను తీసుకుని క్రికెట్టుకు పోయాడు.

"డాక్టరు ఈరోజు రాలేదా నాయనా?" అనడిగింది అమ్మ. డాక్టరు పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాడని ఆమెకు ఎట్లా చెప్పేది?

యాప్ ఎక్కించడం ఈ పనిలో చివరాఖరిదని నాకు అప్పుడు తెలిసింది. దానికి ముందు నంబరు, మనిషి, చోటు, కాగితం కుదరాలి. మీ వాళ్ళు పల్లెలో ఉండి మీరు టౌన్లో ఉంటే నేను చెప్పే వరసలోనే చేసుకురండి.

ముందు: ఇది ఫోనుకు లొంగే జబ్బేనా?

గుండెల్లో పట్టేసినట్టు నొప్పి, మూతి వంకర పోవడం, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం, ఊపిరి అందకపోవడం, ఫిట్స్, పాము కాటు, గర్భిణికి రక్తం పోవడం. వీటికి వీడియో కాలు కోసం ఒక్క నిమిషం కూడా పెట్టొద్దు. 108 కొట్టండి. పక్షవాతానికి మందు ఇవ్వడానికి ఉండే గడువు కొన్ని గంటలే, ఆ గంటలు సిగ్నలు వెతుక్కోవడంలో పోకూడదు.

బీపీ, షుగరు మాత్రలు సర్దుబాటు చెయ్యడం, రక్తపరీక్ష రిపోర్టు చూపించడం, చర్మం మీద దద్దుర్లు, మానని దగ్గు, ఆపరేషన్ అయ్యాక ఎట్లా ఉందో చెప్పడం: ఇవి ఫోనుకు బాగా సరిపోతాయి. మనసు బాగాలేకపోయినా, నిద్ర పట్టకపోయినా 14416 ఉంది. అది టెలీ మానస్, 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది. దానికి స్మార్ట్‌ఫోను అక్కర్లేదు, బటన్ ఫోను నుంచి మామూలు కాలు చాలు, డబ్బులు పోవు. ఆరోగ్య సలహాకు 104 కూడా అంతే. ఈ రెండు నంబర్లూ పెద్ద అక్షరాలతో గోడ మీద రాసి పెట్టండి. మా ఇంట్లో పాల లెక్క రాసే చోట రాశాం, అమ్మ చూపు రోజూ పడేది అక్కడే.

ఆ తరవాత నంబరు

అసలు తకరారంతా ఇక్కడే ఉంది కాబట్టి ఇక్కడ కాస్త ఓపిక పట్టండి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం మన ఆంధ్రలో ఎప్పుడైనా ఒక్కసారి ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు 21 శాతం, మగవాళ్ళు 48.8 శాతం. అంకెలు పక్కనపెట్టి మీ ఇంట్లోనే చూసుకోండి. పెద్ద ఫోను ఎవరి జేబులో ఉంది? ఆ జేబు పొద్దున్నే ఎక్కడికి పోతుంది? పశ్చిమ ప్రకాశం ఊళ్ళల్లో అది హైదరాబాదుకో బెంగళూరుకో పోతుంది, పండక్కి తిరిగొస్తుంది. ఇంట్లో మిగిలేది ముసలాళ్ళు, గొర్రెలు, ఒక బటన్ ఫోను. జబ్బులు కూడా ఇంట్లోనే మిగులుతాయి.

అందుకని మొదట అమ్మ పేరు మీద ఒక సిమ్ తీసుకోండి. బటన్ ఫోనులో వేసి ఇంట్లోనే ఉంచండి. ఓటీపీ అనేది మామూలు మెసేజీనే. మెసేజీ బటన్ ఫోనుకు వస్తుంది, వీడియో పక్కింటివాళ్ళ పెద్ద ఫోనులో నడుస్తుంది. రెండూ ఒకే ఫోనులో ఉండాలని ఎవరూ అనలేదు. ఇంత చిన్న సంగతి తట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది.

రెండోది, అమ్మ ఆధార్‌కు ఆ నంబరే ఎక్కించండి. మొబైలు నంబరు మార్చడానికి కాగితాలేమీ అడగరు, కానీ మామూలుగా మనిషి స్వయంగా వెళ్ళి వేలిముద్ర వెయ్యాలి. కొన్ని సచివాలయాల్లో, పోస్టాఫీసుల్లో ఈ పని చేస్తారు. అందరి దగ్గరా మిషన్ ఉండదు కాబట్టి ముందు ఫోను చేసి కనుక్కుని తీసుకెళ్ళండి. పొగాకు గ్రేడింగులోనో ఇటుక బట్టీలోనో ఏళ్ళ తరబడి పనిచేసిన చేతులకు వేలిముద్రలు అరిగి ఉంటాయి. మిషన్ పట్టకపోతే కంటిపాపతో ప్రయత్నించమని అడగండి.

మూడోది రీచార్జి. ప్యాకు అయిపోయిన సిమ్‌కు కొన్నాళ్ళకు మెసేజీలు కూడా ఆగిపోతాయి. ఆ రీచార్జి మీరు ఇక్కడి నుంచే చెయ్యండి.

ఒక మాట గట్టిగా చెప్పి పెట్టండి: ఓటీపీ పక్కన కూర్చున్న మనిషికే చెప్పాలి, ఫోను చేసి అడిగినోళ్ళకు కాదు. అట్లాగే గూగుల్‌లో ఆసుపత్రి నంబరు వెతికి కాలు చెయ్యొద్దు. మీ ఓపీ చీటీ మీద అచ్చయిన నంబరుకే చెయ్యండి. "అపాయింట్‌మెంటుకు పది రూపాయలు పంపండి" అని లింకు పెట్టి ఖాతా ఊడ్చేసే వాళ్ళు ఎక్కువయ్యారు. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోను చెయ్యండి.

ఇంట్లో ప్రయత్నించే ముందు ఊళ్ళో క్లినిక్కుకు వెళ్ళండి

చాలామంది దీన్ని వదిలేస్తున్నారు. దూరాన ఉన్న డాక్టరును లైన్లో కలిపే కేంద్ర ప్రభుత్వపు ఈ-సంజీవనికి రెండు దారులున్నాయి. ఒకటి మనమే ఫోనులో చేసుకునేది, 2020 ఏప్రిల్లో లాక్‌డౌన్ కాలంలో వచ్చింది. రెండోది అంతకంటే ముందే, 2019 నవంబరులో మొదలైంది. అది మొట్టమొదట వచ్చింది మన ఆంధ్రలోనే. ఇందులో మీరు ఊళ్ళో ఉన్న విలేజ్ క్లినిక్కుకు, అంటే ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని బోర్డు పెట్టిన చోటుకు వెళ్తారు. అక్కడి సిస్టరు బీపీ, షుగరు చూసి, తన ట్యాబులో వివరాలు ఎక్కించి డాక్టరును లైన్లోకి తెస్తుంది. ఓటీపీ, సిగ్నలు, పెద్ద ఫోను, ఏదీ మీ నెత్తిన ఉండదు. బీపీ అంకె డాక్టరు ముందుంటుంది. రాసిన మాత్ర అక్కడ ఉంటే అక్కడే చేతికిస్తారు. అమ్మకు సిస్టరు ముఖం తెలుసు కాబట్టి భయం కూడా ఉండదు.

వెళ్ళే ముందు ఆశా కార్యకర్తకు ఫోను చేసి మూడు సంగతులు అడగండి. డాక్టరు లైన్లో దొరికే గంటలేవి? కిడ్నీ, గుండె, చర్మం లాంటి పెద్ద డాక్టర్లు ఏ రోజు ఉంటారు? మన ఊరికి 104 బండి ఏ రోజు వస్తుంది? బండి రోజు తెలిస్తే ఒక్కోసారి వీడియో అవసరమే పడదు, డాక్టరే ఊళ్ళోకి వస్తారు.

లైను కలవకపోతే "రేపు రండి" అనే మాటతో తిరిగి రావద్దు. పేరు, నంబరు రాయించి, కలిసినప్పుడు పిలవమనండి. సిస్టరు మీద అరవకండి. ఆమెకు ఒక్క ట్యాబు, నాలుగు రిజిస్టర్లు, మూడు ఊళ్ళు.

చోటు

క్లినిక్కు కుదరకపోతే ఇంటి దగ్గర్నుంచే చెయ్యాలి. ముందురోజు అదే గంటకు, అదే చోట వాట్సాప్ వీడియో చేసి చూడండి. దోర్నాల, యర్రగొండపాలెం వైపు నల్లమల అంచున, ఇటు ఉదయగిరి కొండ కింద ఊళ్ళల్లో సిగ్నలు ఎక్కడ పలుకుతుందో పిల్లలకు బాగా తెలుసు. వాళ్ళనే అడగండి. బొమ్మ ఆగిపోతుంటే మొహమాటపడకుండా డాక్టరుతో "వీడియో ఆపేసి మాటతో మాట్లాడదామా?" అనండి. 2020 మార్చి 25న కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వీడియో, ఆడియో, రాతమెసేజీ మూడింటినీ ఒప్పుకుంటాయి. కొత్త జబ్బుకు కొన్ని రకాల మందులు రాయాలంటే మాత్రం వీడియోలో చూడాల్సిందే. వీడియోలో సరిగ్గా కనపడకపోయినా పంపడానికి వాపునో దద్దునో పగటి వెలుతురులో ముందే ఫోటో తీసి ఉంచుకోండి, ఒకటి దగ్గరగా, ఒకటి కాస్త దూరంగా. కూర్చునేటప్పుడు కిటికీ వీపు వెనక ఉండకూడదు, ముఖానికి ఎదురుగా ఉండాలి.

సిగ్నలు దొరికే చోటు ఎప్పుడూ నలుగురు నిలబడే చోటే, అదే దీనితో ఉన్న ఇబ్బంది. మా ఊళ్ళో అయితే వాటర్ ట్యాంకు గట్టు. మా పెద్దమ్మ తెల్లబట్ట సంగతి డాక్టరుతో చెప్పాల్సి వచ్చింది. ఫోను పట్టుకున్నది మేనల్లుడు, చుట్టూ బిందెలతో ఆడవాళ్ళు. ఆమె "మోకాళ్ళ నొప్పులు" అని చెప్పి వచ్చేసింది. మోకాళ్ళకు మాత్రలు రాశారు, ఆమె వాటినీ వేసుకుంది! ఆడవాళ్ళ జబ్బయితే క్లినిక్కు గదిలోనే చేయించండి, పక్కన ఆశా అమ్మాయి ఉండాలి. అది కుదరకపోతే ఫోను గోడకు ఆనించి మగవాళ్ళు బయటికి పోవాలి. అడగకుండానే పోవాలి.

ఒక కాగితం

తెలుగులోనే రాయండి. పేరు, వయసు, బరువు, ఎన్నాళ్ళ నుంచి ఏ జబ్బు, పడని మందులు, అయిన ఆపరేషన్లు, వేసుకుంటున్న మాత్రలు. మాత్రల పేర్లు రాయడం కష్టమైతే స్ట్రిప్పుల ఫోటో తీయండి. మెడికల్ షాపులో నాలుగు మాత్రలే కొంటే పేరున్న వైపు వాళ్ళు ఉంచేసుకుని మనకు మొండి ముక్క ఇస్తారు. పేరు, తేదీ ఉన్న ముక్కే అడిగి తీసుకోండి. లేకపోతే డాక్టరుకు మీరు చూపించేది "తెల్లగా గుండ్రంగా ఉండే మాత్ర", అట్లాంటివి వెయ్యి ఉంటాయి.

మూడు రోజుల బీపీ రాసి ఉంచితే మంచిది. చూసే ముందు అరగంట టీ, పొగాకు లేకుండా, అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి చూడాలి. పరుగున వచ్చి కూర్చోగానే చూసిన బీపీ లెక్కలోకి రాదు.

మీది కనిగిరి, పామూరు వైపు ఊరయితే ఆ కాగితం మీద అన్నిటికంటే పైన ఇది రాయండి: "మాది ఫ్లోరైడ్ నీళ్ళ ప్రాంతం, ఊళ్ళో కిడ్నీ జబ్బులున్నాయి." ఫోనులో కలిసే డాక్టరు ఎక్కడో ఉంటారు. మన బోరు నీళ్ళ సంగతి ఆయనకు తెలియాలని లేదు. కాళ్ళ వాపు అనగానే ఇక్కడి డాక్టరయితే క్రియాటినిన్ (కిడ్నీ ఎట్లా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) ఎంత అని మొదట అడుగుతాడు, అక్కడి ఆయన అడగకపోవచ్చు. మీరే అడగండి. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి, అవి కిడ్నీకి చేటు. మా అమ్మ ఒళ్ళు నొప్పులకు అంగట్లో కొన్న మాత్ర రోజూ ఒకటి మింగుతోందని నాకు తెలిసింది ఆ కాగితం రాసేటప్పుడే.

వీడియో కాలు నడిచేటప్పుడు

ఈ-సంజీవనిలో ఫోనులో స్వయంగా చేసే దారికి ఆధార్ పనే లేదు, మొబైలు నంబరు చాలు. నంబరు కొట్టి, ఓటీపీ వేసి, పేరు వివరాలు రాసి, రిపోర్టుల ఫోటోలు ఎక్కించి వరసలో నిలబడతారు. పిలుపు వచ్చేదాకా ఫోను లాక్ కాకుండా చూడండి, చార్జింగు సగానికి పైన ఉండాలి. అడిగే 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు ఉంటే ఇవ్వండి, లేకపోతే ఏం మునిగిపోదు. అది ఇష్టాన్ని బట్టి తీసుకునేదే.

డాక్టరు రాగానే పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడిగితే తప్పేం లేదు, చెప్పాల్సిన బాధ్యత వాళ్ళకుంది. కేంద్రం ఇచ్చిన ఆ టెలిమెడిసిన్ మార్గదర్శకాల నిండా 'ఆర్‌ఎంపీ' అన్న మాట కనిపిస్తుంది. అది చదివి మన పల్లెల్లో బండి మీద వచ్చి సూదేసే ఆర్‌ఎంపీ అనుకునేరు! అక్కడ దాని అర్థం రిజిస్టరైన వైద్యుడని. మన ఆర్‌ఎంపీని నేను తిట్టను, అర్ధరాత్రి తలుపు తడితే వచ్చేది ఆయనొక్కడే. కాకపోతే డాక్టరు రాసిన మందును ఆయన మార్చకుండా చూసుకోండి.

అమ్మనే మాట్లాడనివ్వండి. ఆమె పక్కనే ఉంటే మీరూ మాట్లాడొచ్చు, కానీ మొదటి రెండు నిమిషాలు ఆమెవి. "వేడి చేసింది", "పైత్యం", "వాయువు పట్టింది", "నిస్త్రాణ" అంటుంది. ఆ మాటలు కొట్టేయకండి. ఆమె చెప్పాక మీరు అందుకుని ఎక్కడ, ఎప్పట్నుంచి, ఏం చేస్తే ఎక్కువవుతుంది అన్నవి కలపండి. "వాయువు అంటే ఎడమ డొక్కలో, అన్నం తిన్న అరగంటకు" అంటే డాక్టరుకు దారి దొరుకుతుంది. మీరు దూరాన ఉంటే ఒక ఉపాయం ఉంది. బటన్ ఫోనులో మీకు కాలు చేయించి, స్పీకరు పెట్టి పెద్ద ఫోను పక్కన ఉంచమనండి. మీరూ వింటారు, మీ మాటా అక్కడ వినిపిస్తుంది. మాట గింగిరాలు తిరిగితే రెండు ఫోన్లనూ మూరెడు దూరం జరపమనండి.

పెట్టేసే ముందు మూడు ప్రశ్నలు: జబ్బేంటి? ఈ మాత్ర ఎన్ని రోజులు? ఏం కనిపిస్తే ఇక ఫోను పక్కన పడేసి ఆసుపత్రికి పరిగెత్తాలి? మూడోది నేను అడిగినందుకే మా అమ్మకు ఆయాసం మొదలైన రోజు ఆలస్యం చెయ్యకుండా ఒంగోలు తీసుకెళ్ళాం.

మందులచీటీ

చీటీ ఫోనులోకే వస్తుంది. ఆ ఫోను పక్కింటివాళ్ళది. కాబట్టి అక్కడికక్కడే మీకు పంపించుకుని వాళ్ళ ఫోనులోంచి తీసేయమనండి. అమ్మ జబ్బు సంగతి పక్కింటి ఫోనులో ఎందుకు? నెట్ సెంటర్లో ప్రింటు తీయిస్తే షాపువాడు మారుమాట్లాడకుండా ఇస్తాడు. మత్తుమందుల కోవలోకి వచ్చే కొన్ని మందులు ఫోనులో ఎవరూ రాయకూడదు, వాటికి మనిషి వెళ్ళాల్సిందే. ఒంగోలు రిమ్స్‌కో నెల్లూరు పెద్దాసుపత్రికో పొమ్మంటే ఆ ప్రింటు, ఆధార్, రేషన్ కార్డు పట్టుకెళ్ళి అక్కడి ఆరోగ్యమిత్రను కలవండి. ఎన్టీఆర్ వైద్య సేవ అనే ప్రభుత్వ ఉచిత వైద్య పథకం కిందికి వస్తుందో రాదో ఆయనే చెప్తారు.

బటన్ ఫోను కూడా లేని ఇల్లు

నెల్లూరు వైపు యానాదుల కాలనీల్లో ఆధారే లేని వాళ్ళున్నారు. నల్లమలలో చెంచుగూడేలకు కరెంటు పోతే టవరు కూడా పోతుంది. చెవులు వినపడని తాతకు వీడియో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. పైన చెప్పిన వరస వీళ్ళకు సగమే పనికొస్తుంది. క్లినిక్కు దారి ఒక్కటే నమ్మకమైనది, ఆధార్ లేదని అక్కడ వెనక్కి పంపితే మండలం పీహెచ్‌సీ డాక్టరుకు చెప్పండి. వినపడని వాళ్ళకు ప్రశ్నలు పెద్ద అక్షరాలతో రాసి చూపించండి, చదువు రాకపోతే ఒంటి మీద చోటు చూపించమనండి.

మీ ఇంట్లో పెద్ద ఫోను ఉంటే వారానికి ఒక పూట, ఫలానా రోజు ఫలానా గంటకు అని ఆశా కార్యకర్తకు చెప్పి పెట్టండి. "ఎప్పుడైనా అడగండి" అంటే ఎవరూ అడగరు. మా పక్కింటి పిల్లోడు ఇప్పుడు ఆదివారం పొద్దున ఎనిమిది నుంచి పది దాకా ఇస్తున్నాడు. పదింటికి క్రికెట్టు.

అమ్మ క్యాలెండరులో నెలకు రెండు తేదీలకు సున్నా చుట్టి ఉంటుంది. నల్లది డాక్టరు మళ్ళీ మాట్లాడమన్న రోజు. ఎర్రది సిమ్ రీచార్జి అయిపోయే రోజు, దాన్ని తమ్ముడు చుట్టి వెళ్ళాడు.